మోకాలు మార్పించుకొన్న పిదప

మోకాలి శస్త్రచికిత్స చేయించుకొని యింటికి వచ్చినవారిని పలుకరింపబోయిన వారందఱును మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: "నొప్పి పోయిందా?" పోయినదన్నచో సంతోషించి, కాఫీ త్రాగి లేచెదరు. పోలేదన్నచో "అయ్యో, అంత డబ్బు పోసి కూడానా!" యని నిట్టూర్చి లేచెదరు. "ఇప్పుడేయే పనులు చేసికొనగలుగుచున్నారు?" అని యడిగినవారిని మే మీ రెండేండ్లలో నొక్కరినైనను చూడలేదు. ఆ రెండవ ప్రశ్నను మేమును నాలస్యముగనే నేర్చుకొంటిమి. నేర్చుకొన్న విధమును సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది బందరు, రాబర్టుసన్‌పేట. మావారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. మా అత్తగారి పుట్టినిల్లు దివిసీమ. వారి కిప్పుడు అఱువదియెనిమిదేండ్లు. మేము కాపురమునకు వచ్చిన నాటికే ఆమె మోకాళ్ల నొప్పి యింటి మనుష్యులలో నొకటియై యుండెను. తెల్లవాఱగనే వాకిట కల్లాపి చల్లి, వంగి ముగ్గుపెట్టి, మఱల లేవలేక తులసికోటను పట్టుకొని నిలుచుచుండిరి. ఆముదపుటాకు వెచ్చజేసి కట్టితిమి. మహానారాయణ తైలము మర్దించితిమి. మాత్రలు మ్రింగి మ్రింగి కడుపులో మంట పుట్టినదిగాని మోకాలు మెత్తబడలేదు. క్రమముగా కాళ్లు రెండును విండ్లవలె బయటికి వంగెను. కడపటి యేడు వాకిటి రెండు మెట్లు దిగుటకు పీతవలె ప్రక్కకు తిరిగి దిగుచుండిరి. రాత్రులు నిద్ర లేదు. వారికి లేదు గావున మాకును లేదు.

మోకాలి వ్యాధి మన పూర్వులెఱుగనిది కాదు. సుశ్రుతసంహితయందలి నిదానస్థానమున, వాతరక్తముల దోషముచే మోకాలు వాచి లావై మిక్కిలి బాధపెట్టు రోగమునకు క్రోష్టుకశీర్షమని పేరు పెట్టిరి. క్రోష్టుకమనగా నక్క, వాచిన మోకాలు నక్కతలవలె నుండునని భావము. మా అత్తగారిది ఆ రోగమే యని మేము చెప్పజాలము గాని, యీ పేరు వినిపించినపుడు వారు తమ కాలిని తేఱిపాఱజూచుకొని "నక్క కాదే అమ్మాయీ, ఇది తోడేలు" అనిరి.

ఇంతకును జరుగునదేమి? తొడయెముకయు, దాని క్రిందియెముకయు కలియుచోట వాని కొనలకు తెల్లని నున్నని మృదులాస్థి పొర తొడుగై యుండును. అది యరిగిపోయి యెముక యెముకతో నొరసికొన్నపుడు నొప్పియు, వాపును, బిగువును కలుగును. "మోకాలు మార్చుట" యన్నమాట విని, కాలు తీసి క్రొత్తకాలు పెట్టుదురని భయపడువారు మా వీధిలోనే కలరు. అది కాదు. అరిగిన కొనలను కొన్ని మిల్లీమీటర్ల మందమున చెక్కివైచి, పైయెముకకు లోహపు తొడుగును, క్రిందియెముకకు లోహపు పళ్లెమును అమర్చి, రెంటి నడుమ గట్టి ప్లాస్టిక్కు పలకను నిలిపెదరు. పుచ్చిన పంటికి తొడుగు వేయుటవంటి పని యిది. కండరములు, నరములు, చర్మము అన్నియు పాతవే. ఈ సంగతి మేము ముందుగా తెలిసికొనియున్నచో మూడువారములు వ్యర్థము కాకుండెడివి.

1890 ప్రాంతమున బెర్లినులో గ్లుక్ అను వైద్యుడు దంతముతో మోకాలి కీలు చేసి యమర్చి చూచెను, అది నిలువలేదు. 1971లో గన్‌స్టన్ అను వైద్యుడు లోహముతోను ప్లాస్టిక్కుతోను చేసిన కీలును ప్రకటించెను. 1974లో న్యూయార్కు నగరమున ఇన్సాల్, రణావత్, వాకర్ అను మువ్వురు రూపొందించిన కీలే నేటి కీళ్లకు మాతృక యనవచ్చును. ఆ మువ్వురిలోని రణావత్ గారు మన భారతదేశమున బుట్టినవారు. అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారి యెడమ మోకాలిని 2000 అక్టోబరులోను, కుడి మోకాలిని 2001 జూనులోను బొంబాయి బ్రీచ్‌కాండీ ఆసుపత్రిలో మార్చినవారు వారే. మన పల్లెలలో ఈ చికిత్స పేరు పలువురి చెవిని బడినది ఆ దినములలోనే. తరువాత 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము కీళ్ల ధరకు హద్దు కట్టెను. అంతవఱకు సగటున రూ. 1,58,324 పలుకుచుండిన కోబాల్టు క్రోమియము కీలు, పన్నుగాక రూ. 54,720కి దిగెను. ఇది కీలు వెల మాత్రమే. ఆసుపత్రి ఖర్చు వేఱు. మా వంటి ఉపాధ్యాయ కుటుంబమున కీ యాలోచన తట్టుట కాధారమైనది మాత్రము ఆ తగ్గుదలయే.

ఇక మా కథ. అత్తగారికి ముందు కుడి మోకాలిని బెజవాడలో మార్పించితిమి. మఱునాడే వాకరు పట్టించి నిలువబెట్టి నాలుగడుగులు వేయించిరి. ఆ నాలుగడుగులు చూచి మేము కన్నీరు పెట్టుకొంటిమి. అయిదవనాడు ఇంటికి దెచ్చితిమి. తప్పులన్నియు నక్కడినుండి మొదలయ్యెను. అవి వైద్యులవి కావు, మావే.

మేము వారిని బాలింతరాలిని చూచినట్లు చూచితిమి. మంచము దిగనీయలేదు. మంచినీళ్లు చేతికే, పళ్లెము మంచముకడకే. నొప్పి తగ్గుటకని మోకాలి క్రింద మెత్తని దిండు పెట్టితిమి. వారికి హాయిగా నుండెను, మాకు తృప్తిగా నుండెను. కందిపప్పు తిన్నచో చీము పట్టునని ప్రక్కయింటి పెద్దమ్మగారు చెప్పగా పప్పు మానిపించితిమి. ఆసుపత్రిలో నేర్పిన వ్యాయామములు చేయించబోగా అత్తగారు బాధచే మూలుగుదురు. ఆ మూలుగు విని మావారు పాఠశాలకు పోబోవుచు గుమ్మములో నిలిచి "ఇవాళ్టికి చాల్లే, రేపు చేయిద్దాం" అందురు. ఆ రేపు పదునైదు దినములు రాలేదు.

ఇరువదవనాడు ఫిజియోథెరపీ చేయు నమ్మాయి స్కూటరుపై వచ్చినది. కొలతబద్దవంటి సాధనము మోకాలికి చేర్చి చూచెను. కాలు 60 డిగ్రీలకు మించి వంగుట లేదు; చాపినపుడు పూర్తిగా చక్కనగుటకు ఇంకను 15 డిగ్రీలు కొఱతగానున్నది. ఆమె మారుమాట లేకుండ మోకాలి క్రింది దిండు తీసి మా చేతికిచ్చి, "అమ్మా, ఇది ఇక ఈ గదిలోకి రాకూడదు" అనెను.

ఆమె చెప్పిన దాని సారమిది. కోసిన చోట మానుచుండగా లోపల క్రొత్తనార పుట్టి మోకాలిచుట్టు నల్లుకొనును. కదలింపనిచో ఆ నార బిగిసికొని మోకాలిని పట్టుకొనును. దిండు క్రిందనుండుటచే వంగియున్న కాలు వంగినట్లే మానును; పిదప నడచినపుడు కుంటువలె నుండును. తొడ ముందరి కండరము ఈ చికిత్స తరువాత తొలి నెలలోనే తన బలములో సగమునకు పైగా కోల్పోవును. కుర్చీలోనుండి లేపునది, మెట్లెక్కించునది, అడుగు తడబడినపుడు మనలను నిలుపునది ఆ కండరమే. లోహము నొప్పిని తీసివేయగలదు గాని కండరమునకు బలము పోయజాలదు. మొదటి ఆఱువారములు మిక్కిలి విలువైనవి. మూడునెలలు గడచినను వంగనిచో, మత్తుమందిచ్చి వైద్యులు బలవంతముగా వంచవలసిన యవసరము కొందఱికి గలుగును. ఆలస్యమైనకొలది దానివలన ఫలము తగ్గును.

మా ప్రేమయే వారి కాలికి సంకెల యైనదని తెలిసి ఆ రాత్రి మే మన్నము తినలేదు. అత్తగారు మాత్రము "సరే, పోయినవి పోనీ, రేపు పొద్దున్న ఎన్నింటికి?" అని యడిగిరి.

మఱునాటినుండి యింటి పద్ధతియే మాఱినది. వైద్యులు వ్రాసిన నొప్పిమాత్రను వ్యాయామమునకు అరగంట ముందు వేయుచుంటిమి. మాత్ర నొప్పి వచ్చిన తరువాత పుచ్చుకొనునది యని యంతవఱకు మా తలంపు. పాదములను పైకి క్రిందికి ఆడించుట. ఇది రక్తము గడ్డకట్టకుండుటకు. కాలు చాచి మోకాటి వెనుకభాగమును పఱుపునకు నొక్కి పట్టుట. మడమ క్రింద ప్లాస్టిక్కు కాగితము వేసి, మడమను పిఱుదులవైపునకు జారించుచు మోకాలు వంచుట. వంచిన కాలు చాచి, పక్కమీదినుండి జానెడెత్తు లేపుట. కుర్చీలో కూర్చుండి కాలు వ్రేలవైచి వెనుకకు లాగుట. దిండు నిపుడు మడమ క్రింద బెట్టితిమి, మోకాలు తన బరువుతో దానంతట దిగుటకు. పిదప తువ్వాలులో చుట్టిన మంచుగడ్డ. లెక్క పెట్టుట యత్తగారికి విసుగు. కావున లలితా సహస్రనామములు చదువుచు పది నామములకొక పట్టు చొప్పున చేయదొడగిరి. పారాయణమును సాగెను, కాలును సాగెను.

వారి మంచపు కోళ్ల క్రింద కొయ్యదిమ్మలు పెట్టి ఎత్తుచేయించితిమి. మా మామగారినాటి పడకకుర్చీని అటుకెక్కించితిమి, అందులో కూర్చున్నవారు లేచుట కష్టము గనుక. పప్పును మఱల వండితిమి. గాయము మానుటకు మాంసకృత్తులు కావలయు నని వైద్యులే చెప్పిరి. మెట్లకడ మా చిన్నవాడు కాపలా యుండి "ఎక్కేటప్పుడు మంచికాలు, దిగేటప్పుడు కొత్తకాలు" అని కేకవేయుచుండెను. ఏ కాలు ముందో మాకును మఱపు వచ్చుచుండెడిది గాని వానికి రాలేదు. మావారు ప్రతి యాదివారము కొలతను క్యాలెండరుపై వ్రాసిరి. 60 అని యున్నచోట క్రమముగా 75, 85, 95 వచ్చెను. మూడవ నెల చివర 110 వ్రాసిననాడు ఆ కాగితము చింపక దాచిరి. ఇప్పటికి నున్నది.

నొప్పి సంగతి. తొలి ఆఱువారములు, ముఖ్యముగా రాత్రులు, నొప్పి బాగుగనే యుండును. చికిత్స చెడినదని బెదరరాదు. మోకాలు కొన్ని నెలలవఱకు వెచ్చగానుండును, సాయంకాలమునకు వాచును. గాటుకు వెలుపలివైపున చర్మము మొద్దుబాఱియుండును. కోతలో చిన్ననరము తెగుటచే నట్లగును. నడచునపుడు లోపల టక్కుమని చప్పుడు వినవచ్చును. మా అత్తగారు దానిని "మా గడియారం" అందురు. ఇవి సాధారణములు. సాధారణములు కానివి వేఱు: జ్వరము, గాటు ఎఱ్ఱబాఱి కాఱుట, పిక్క గట్టిపడి నొప్పితో వాచుట. వీనిలో ఏది కనబడినను ఆనాడే వైద్యునికడకు బోవలయును. హఠాత్తుగా ఆయాసమో ఱొమ్ముపోటో వచ్చెనేని తెల్లవాఱుదాక కూడ ఆగరాదు.

ఆఱవ నెలలో ఫిజియోథెరపీ అమ్మాయి ఒక ప్రశ్నపత్రము తెచ్చెను. దానికి వోమాక్ అని పేరు. కెనడా దేశమున వెస్టర్న్ ఒంటారియో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయములవారు 1982లో కూర్చినది. నేడు లోకమంతట మోకాలి రోగుల స్థితిని దీనితో కొలుచుచున్నారు. ప్రశ్నలు 24. నొప్పిని గూర్చి 5, బిగువును గూర్చి 2, పనులను గూర్చి 17. నొప్పికంటె పనులకు మూడు రెట్లకు పైగా ప్రశ్నలుండుట చూచి మాకు కనువిప్పు కలిగినది. మేము చదువుచుండగా అత్తగారు జవాబు చెప్పుచుండిరి. మెట్లు దిగుట, కుర్చీనుండి లేచుట, చదునైన నేలపై నడచుట, అంగడికి పోవుట: అన్నిటికిని సులువే యనిరి. తరువాత మేజోళ్లు తొడుగుకొనుట కష్టమా? మేజోళ్లు విప్పుట కష్టమా? అని రెండు ప్రశ్నలు వచ్చినవి. "నా జన్మలో మేజోళ్లు తొడగలేదే! తొట్టిలో దిగటం అట, నీళ్ల తొట్టిలోకి నేనెందుకు దిగుతాను?" అని నవ్విరి. నవ్వి, కొంతసేపూరకుండి, "పీట మీద కూర్చోగలవా అని అడగలేదేం?" అనిరి.

అడుగలేదు. నేలపై బాసికపట్టు వేసికొనుట, గొంతుకూర్చుండుట, కత్తిపీట ముందు కూర్చుండి కూర తఱుగుట, వంగి ముగ్గు వేయుట, ఆర్టీసీ బస్సు మొదటి మెట్టెక్కుట: ఇవేవియు నా పత్రమున లేవు. కూర్చినవారి తప్పు కాదు. వారి యిండ్లలో నేలపై కూర్చుండరు. నడచుటకు మోకాలు 65, 70 డిగ్రీలు వంగిన చాలును. మెట్లకు 80 నుండి 90. కుర్చీనుండి లేచుటకు 90కి కొంచెము పైన. ఆసియా ఖండపు జనులవలె గొంతుకూర్చుండుటకును, బాసికపట్టు వేయుటకును, మోకరిల్లుటకును 111 నుండి 165 డిగ్రీలవఱకు కావలసియుండునని 2001లో ప్రకటితమైన యొక పరిశీలనము చెప్పుచున్నది. మార్చిన మోకాలు సాధారణముగా 110, 120 వఱకు వంగును. కుర్చీలో బ్రదుకువారికి అది నిండు జీవితము. మనకు నేల దూరమగును.

మా అత్తగారికి నొప్పి పోయినది. నిజముగ పోయినది; రాత్రియెల్ల నిద్రించుచున్నారు. ఐనను ఆ తొలి శ్రావణ శుక్రవారము పేరంటాండ్రందఱు చాపలపై గూర్చుండగా తా మొక్కరును గోడకడ కుర్చీలో గూర్చుండి, పసుపు రాయించుకొనుటకు పాదములు చాపి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనిరి. చికిత్సకు ముందు నేలపై కూర్చుండగలిగిరా? లేదు, అప్పటికి నాలుగేండ్లనుండి లేదు. కాని అప్పు డది నొప్పి చేసిన నేరము. నొప్పి పోయిన పిదప తిరిగి కూర్చుందునని వారు మనసులో నిశ్చయించుకొనియుండిరి. ఆ సంగతి మాతో ననలేదు, వైద్యుని నడుగలేదు. మేమును నడుగలేదు. అలిపిరి మెట్లదారిలో మోకాళ్ల పర్వతము నెక్కుదునని మ్రొక్కుకొన్న సంగతియు మాకు తరువాతనే తెలిసినది.

మఱుసటి శుక్రవారమునకు మేమొక యుపాయము చేసితిమి. కలశమును, మండపమును భోజనపు మేజాపై నమర్చి, చుట్టును కుర్చీలు వేసితిమి. "మనిషి పైన కూర్చుంటే దేవుడు కిందనా?" యని యాక్షేపించు పెద్దమ్మగారికి, దేవుడును పైననే యున్నాడని చూపితిమి. ఆమె కొంత తడవు చూచి, తానును కుర్చీయే యడిగెను. ఆమె మోకాళ్లును మంచివి కావు.

గుడివాడ సంగతి వేఱు. మావారితో పనిచేయు నొక యుపాధ్యాయుని తల్లి యచ్చట నున్నారు. ఆమెకును మా అత్తగారికి చేసిన యేడే మోకాలు మార్చిరి. చూచి రమ్మని అత్తగారనగా బందరు రైలులో పోయితిమి. తలుపు తీసినవారు ఆమెయే. ఏ యూతయు లేకుండ నడచివచ్చి, మేడమెట్లెక్కి, ఆరవేసిన వడియములు తెచ్చి మా ముందు బెట్టిరి. మేమాశ్చర్యపడి "మీకు పూర్తిగా నయమైనట్టే" నంటిమి. ఆమె కండ్లలో నీరు తిరిగినది. "మోకాలు కొత్తది, నొప్పి పాతదేనమ్మా. చెపితే ఎవరూ నమ్మరు. ఎక్స్‌రే బాగుందిట. బాగా నడుస్తున్నానట. ఇంక నొప్పేమిటి అంటారు." కోడలు లోపల నుండి విని, "అత్తయ్యగారికి అలవాటైపోయిందండీ" యనెను. పాపము, ఆమె చెడ్డపిల్ల కాదు, విసిగియున్నది.

ఈ గుడివాడ యమ్మ యొక్కతెయే కాదు. అనేక పరిశీలనలను గుదిగ్రుచ్చి చూచిన వైద్యపండితులు 2012లో ప్రకటించినదేమనగా, మోకాలు మార్పించుకొన్నవారిలో ఇంచుమించు అయిదుగురిలో నొకరికి దీర్ఘకాలము నొప్పి నిలిచియుండునని. ఇంతటి సంగతిని ఏ యింటను చికిత్సకు ముందు చెప్పుకొనగా మేము వినలేదు. నిలుచుటకు కారణములు పెక్కు. లోపల చీము చేరుట, కీలు వదులగుట, తుంటినుండియో నడుమునుండియో నొప్పి మోకాటికి దిగుట, నరములే నొప్పికి అలవడి గాయము మానిన పిదపను చాటుచుండుట. మొదటివానిని పరీక్షలచే కనిపెట్టవచ్చును. కడపటిదానికి మందులు వేఱు. మామూలు నొప్పిమాత్రలు దానికంతగా పనిచేయవు. ఎక్స్‌రే యెముకను లోహమును చూపునుగాని నొప్పిని చూపదు. చికిత్సకు ముందే మిక్కుటమైన నొప్పి పడినవారికి, దేహమున పలుచోట్ల నొప్పులున్నవారికి, దిగులుతో క్రుంగినవారికి ఇట్లు నిలుచుట యెక్కువయని చెప్పుదురు. దిగులున్నదిగావున నొప్పి యబద్ధమని మాత్ర మర్థము కాదు. మేమీ మాటలు ఆ కోడలితో వంటయింటిలో నిలుచుండి చెప్పితిమి. ఆమె పొయ్యి తగ్గించి విన్నది. "అయితే ఆవిడ నటించటం లేదన్నమాట" అనెను. తరువాత నెలలో ఆమెయే అత్తగారిని వెంటబెట్టుకొని మఱల వైద్యునికడకు పోయినట్లు తెలిసినది. నరముల నొప్పికి మందు మొదలుపెట్టిరట. కొంత నయమని వార్త.

తిరుగుబండిలో కూర్చుండి యాలోచించితిమి. బందరులో నొప్పి పోయి పని మిగిలినది. గుడివాడలో పని వచ్చి నొప్పి మిగిలినది. ఈ రెంటిని ఒక్క పద్దులో వ్రాసి, లాభమా నష్టమా యని యడుగుటచేతనే మన యిండ్లలో ఇంత మనోవ్యథ.

ఇది యిట్లుండగా అత్తగారి చెల్లెలు, మా చిన్నత్తగారు, దివిసీమనుండి కబురు చేసిరి. అవనిగడ్డకు ఆవల పల్లె, వారికి అఱువదిరెండేండ్లు. పెనిమిటి లేరు. రెండెకరముల పొలము కౌలుకిచ్చి, ఒక పాడిగేదెతో కాలక్షేపము చేయుచున్నారు. అక్క నడకను చూచి తామును చేయించుకొందుమని పట్టుబట్టి, ఎకరము తాకట్టు పెట్టుటకు సైతము సిద్ధపడిరి. మేము చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సులో పోయితిమి. నాట్లు పడుచున్న దినములు. బాట కిరుప్రక్కల కూలిస్త్రీలు మోకాటిలోతు బురదలో వంగి వరుసగా వెనుకకు నడచుచుండిరి. వారి మోకాళ్ల నడిగెడి పత్ర మేదియో యని తలచుకొంటిమి.

చిన్నత్తగారు గేదె కడ నుండిరి. మోకాళ్లనడుమ చెంబిఱికించుకొని, గొంతుకూర్చుండి పితుకుచుండిరి. లేచుటకు గాటికఱ్ఱ పట్టుకొని రెండుమాఱులు ప్రయత్నించి, మూడవసారి లేచిరి. "1977 ఉప్పెననాడు నన్ను తాటిచెట్టెక్కించిన మోకాళ్లేనే ఇవి. అప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. ఇప్పుడు చూడు, గేదెకి కూడా లోకువైపోయాను" అనిరి.

మేము ముందుగా నడిగితిమి: "చిన్నత్తయ్యగారూ, మోకాలు మారిస్తే మీరేం చేద్దామనుకుంటున్నారు?"

"ఇదిగో, ఈ పనే. హాయిగా పితుక్కుంటాను."

అందులకే భయపడితిమి. ఆ కూర్చుండు తీరు మార్చిన మోకాటికి సాధారణముగా దొరకదనియు, దొరకినను నిత్యము చేయవలదని వైద్యులు చెప్పుదురనియు వివరించితిమి. ఆమె నమ్మలేదు. అక్కను తలచుకొని తరువాత నమ్మిరి. గేదెను అమ్మివేయుట, లేక ఎత్తుపీటపై గూర్చుండి పితుకుట నేర్చుకొనుట, లేక పాలేరును పెట్టుట: మూడు దారులును చెప్పితిమి. పాలేరు మాట వినగానే మొగము చిట్లించిరి.

వారి ఎక్స్‌రే మా అత్తగారి దానివలె నంత చెడినది కాదు. కీలులో నింకను సందున్నదని బందరు వైద్యులు చెప్పిరి. ఇట్టివారికి పనికివచ్చు ముచ్చట యొకటి కలదు. డెన్మార్కు దేశమున నూర్గురు రోగులను రెండు భాగములు చేసి, సగము మందికి మోకాలు మార్చి పిదప 12 వారములు వ్యాయామము, ఆహార నియమము మున్నగునవి నేర్పిరి. తక్కిన సగమునకు కోత లేకుండ అవి మాత్రమే నేర్పిరి. 2015లో ఫలితము ప్రకటించిరి. ఏడాది తిరుగునప్పటికి నొప్పి చెప్పుకొనదగినంత తగ్గినవారు మొదటివారిలో నూటికి 85, రెండవవారిలో నూటికి 68. కోతలోనే మేలెక్కువ, అందు సందేహము లేదు. కాని చిక్కులును కోతలోనే యెక్కువ. మఱియు రెండవవారిలో నూటికి 26 మంది మాత్రమే ఆ యేడాదిలో కోతకు పోయిరి. అమర్చిన కీలు నూటికి 82 మందిలో 25 ఏండ్లు నిలుచునని 2019లో లెక్కకట్టిరి. కావున తొందరపడి ఎకరము తాకట్టు పెట్టవలసినదియు లేదు. ఎన్నటికిని వలదని భీష్మించుకొని మంచము పట్టవలసినదియు లేదు.

చిన్నత్తగారు ఈ లెక్కలన్ని విని, "అయితే ముందు ఆ పన్నెండు వారాలు నాకూ నేర్పు" అనిరి. కుర్చీలో గూర్చుండబెట్టి కాలు చాపి దించుట నేర్పితిమి. బరువునకు సంచిలో సేరు బియ్యము పోసి చీలమండకు కట్టితిమి. కుర్చీనుండి చేతులూనక లేచి కూర్చుండుట పదిమాఱులు. మొదటిదినము నాలుగింటికే అలసిరి. గేదెకు మాత్రము మాపటికి బజారునుండి ఎత్తుపీట వచ్చినది. క్రొత్త పద్ధతికి గేదె ఒకదినము కాలు దులిపినదట, తరువాత నూరకున్నదట.

నెల గడచిన పిదప మఱల పోయితిమి. మెట్లు కొంచెము సులువుగా నెక్కుచున్నారు. నొప్పి యున్నది, రాత్రులు కొంత తక్కువయన్నారు. కార్తీకము వెళ్లిన పిదప వైద్యునికి మఱల చూపించి, అప్పుడు నిశ్చయింతుమనిరి. చూపించునపుడు అడుగవలసినవి మఱచిపోకుండ వ్రాయుమని, మనుమని నోటుపుస్తకమును మా చేతికిచ్చి తాము చెప్పసాగిరి. నొప్పి పోతుందా అనునది నాలుగవదిగా వచ్చినది. మొదటిది, మోపిదేవి గుడిలో ప్రదక్షిణాలు చేయగలనా? రెండవది, బస్సెక్కగలనా? మూడవది, రాత్రి దొడ్లోకి ఒక్కదాన్నే పోయి రాగలనా? అయిదవది, పోకపోతే ఏం చేస్తారు? మేము కలము మూయబోగా "ఆగు, ఇంకోటుంది" అనిరి.

"ఉప్పెనొస్తే తుపాను షెల్టరు మెట్లు ఎక్కగలనా అని అడుగు."

మెట్లకు 80, 90 డిగ్రీలు వంగిన చాలునని, అక్క యిప్పుడు 110 వంచుచున్నారని చెప్పితిమి. "నువ్వు చెప్పినా సరే, ఆయన్ని అడుగు" అనిరి. ఆఱవ ప్రశ్నగా దానిని గూడ వ్రాసితిమి.